అమ్మ ఉమ్రా, నా రూల్సు

నరసరావుపేటలో కోర్టుల దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. బోర్డు మీద జిరాక్స్ అనే ఉంటుంది గానీ నాకు అన్నం పెట్టేది ఆన్‌లైన్ అప్లికేషన్లు. పాస్‌పోర్టు, ఆధార్ మార్పులు, పింఛను, రేషన్ కార్డులో పేరు ఎక్కించడం, పేరు తీసేయడం. ఈపూరు నుంచీ క్రోసూరు నుంచీ పొద్దున్నే బస్సు దిగి వచ్చినవాళ్లు నా బల్ల ముందు కూర్చుని, "ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మాయ్?" అని అడుగుతారు. నేను చెబుతాను. ఏ కాగితానికి ఏ కాగితం జత చేయాలో, ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో నాకు కంఠతా వచ్చు. చెప్పింది వినకుండా మళ్లీ అడిగితే విసుక్కుంటాను కూడా. అలాంటిదాన్ని, పోయినేడు మా అమ్మ విషయంలో నెల రోజులపాటు ఏం చేయాలో తోచక తిరిగాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు అయింది నా పని.

మా అమ్మకి హెచ్‌ఐవీ ఉంది. ఇరవై ఏళ్లుగా ఉంది. నాయన నుంచి వచ్చింది. మేం దూదేకులవాళ్లం, నాయన పరుపులు కుట్టేవాడు. పని కోసం నెలల తరబడి ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. ఒకసారి ఎక్కడో లారీ గుద్దితే ఆ ఊరి ఆసుపత్రిలో రక్తం ఎక్కించారని కూడా అంటారు. ఆయనకి ఆ రోగం తిరుగుళ్లలో వచ్చిందో, ఎక్కించిన రక్తంలో వచ్చిందో నాకు తెలియదు. అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. నేను ఇంటర్ చదువుతుండగా ఆయన పోయాడు. ఆ తర్వాత అమ్మకి పరీక్ష చేసి మందులు మొదలుపెట్టారు. మొదట్లో పూటపూటా మింగేది, ఇప్పుడు రోజుకి ఒకటే మాత్ర. రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిపోయిందని ఆసుపత్రిలో ఏటా చెబుతారు. మనిషి దుక్కలా ఉంటుంది. పరుపుకి టాకాలు వేస్తుంటే ఆమె వేగానికి నేను దారం అందించలేను.

ఈ సంగతి నాకూ, మా ఆయనకీ, ఆసుపత్రివాళ్లకీ తప్ప ఎవరికీ తెలియదు. మా వీధిలో అందరూ అందరికీ పిన్నీ, అత్తా, వదినే. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతుందో మిగతావాళ్లకి వాసనతోనే తెలిసిపోతుంది. అలాంటి వీధిలో ఇరవై ఏళ్లు ఒక మాట దాచడమంటే మాటలు కాదు.

పోయిన చలికాలంలో మా వీధి ఆడవాళ్లు ఏడుగురు ఉమ్రాకి పోవాలనుకున్నారు. ఉమ్రా అంటే మక్కా యాత్రే. హజ్ అంత పెద్దది కాదు, ఏడాదిలో ఎప్పుడైనా పోవచ్చు. మగతోడు లేకపోయినా గుంపుగా పోవచ్చని ఈమధ్య రూలు సడలించారు. ఆ కబురు విన్నాక మా వీధిలో మొగుడు పోయినవాళ్లందరికీ ప్రాణం లేచొచ్చింది. ఏడుగురి పాస్‌పోర్టు కాగితాలూ నా షాపుకే వచ్చాయి. ఆరుగురివి చూసి పక్కన పెట్టాను. ఏడోది మా అమ్మది.

"ఇదేందమ్మా?" అన్నాను.

"ఏమే, నీకు చదువొచ్చు కదా. నా పేరు రాసి ఉందిగా" అంది. నాకు చెబితే వద్దంటానని చెప్పకుండా పేరిచ్చేసింది. పరుపులు కుట్టి ఎప్పటినుంచో దీనికోసమే దాచుకుంటోందట. తన కోసం ఆమె ఒక చీర అడగడం కూడా నేను ఎరగను. ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి కోరింది ఇదొక్కటే. పో అనాలా, వద్దు అనాలా? ఆ రాత్రికి నాకు తేలలేదు, మర్నాటికీ తేలలేదు.

నా భయం ఒక్కటే. ఆ దేశంవాళ్లు ఈ రోగం ఉన్నవాళ్లని రానిస్తారా? రానివ్వకపోతే ఎక్కడ ఆపుతారు? ఇక్కడే వీసా ఇవ్వకపోతే ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చు. అక్కడిదాకా పోయాక, మిగతా ఆరుగురి కళ్ల ముందు ఆమె ఒక్కదాన్నీ పక్కకి పిలిచి తిప్పి పంపితే? ఆమె తిరిగొచ్చేలోపే ఆ సంగతి ఫోన్లలో మా వీధికి చేరుతుంది. మక్కా చూడకపోగా, ఉన్న వీధిలో తలెత్తుకోలేకుండా పోతుంది.

ముందు చిలకలూరిపేటలో ఉన్న ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేశాను, ఎవరి కోసమో అడుగుతున్నట్టు. 

"అనారోగ్యం ఉన్నవాళ్లు కూడా పోవచ్చా అండీ?"

"ఏం అనారోగ్యం అక్కా? బీపీయా, షుగరా?"

"అట్టాంటివే."

"దానికేముంది, డాక్టరు చీటీ, మందులు దగ్గర పెట్టుకోమనండి. మందులు మాత్రం కంపెనీ డబ్బాల్లోనే ఉండాల. విడి మాత్రలు పొట్లాలు కట్టి తేవొద్దు. టీకా ఒకటి వేయించాల, అది మేం చెప్తాం. ఇంకేమన్నా ఉందా?"

ఏం లేదండీ, ఊరికే అడిగానని పెట్టేశాను. రోగం పేరు చెప్పకుండా దాని రూలు అడగడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

మా షాపు ఎదురుగా ఏసీలు బాగుచేసే అతను ఆరేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు. టీ తాగుతుంటే, ఎవరో కస్టమరు అడిగారని చెప్పి అతన్ని కదిపాను.

"అమ్మో, ఆ రోగమా? పోయే ముందే మెడికల్‌లో రక్తం తీస్తారక్కా. ఉంటే అన్‌ఫిట్ కొడతారు. అక్కడికి పోయాక తేలిందంటే ఆ పూటే ఫ్లైట్ ఎక్కిస్తారు. మా రూములో ఒకణ్ణి అట్నే పంపారు. గుడ్డలు కూడా సర్దుకోనీలా."

"ఉద్యోగానికి కాదు, ఉమ్రాకి అంట."

"ఉమ్రాకైనా ఉద్యోగానికైనా రక్తం రక్తమేగా" అన్నాడు, జడ్జిగారు తీర్పు చెప్పినట్టు. అతను గల్ఫ్‌లో చూసింది ఏసీలూ, తన రూమూనూ. ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఇక నెట్‌లో వెతికాను. ఒకచోట యాత్రికులకి ఆ పరీక్ష ఉండదని ఉంది. ఇంకోచోట ఆ దేశంలో అడుగే పెట్టకూడదని ఉంది. ఆ రెండు రాతలూ ఎప్పటివో, ఎవరు రాశారో తెలియదు. స్క్రీన్ మీద ఒక్కో వాక్యం చదివేకొద్దీ తల తిరిగి, కాగితం మీద ఉంటే బుర్రకెక్కుతుందని ప్రింట్ తీశాను. ఎందుకైనా మంచిదని ఒక పేజీ జిరాక్స్ కూడా తీశాను. నా షాపులో రోజుకి ఇద్దరైనా చేసే పొరపాటు ఒకటుంది. కాపీ తీసుకుని, అసలు కాగితాన్ని మిషను మూత కిందే వదిలేసి పోతారు. వాళ్ల ఆధార్ కార్డులూ, పట్టాలూ నా సొరుగులో కుప్పగా పడి ఉంటాయి. వాళ్లని తిట్టినంత ఇంకెవర్నీ తిట్టను. ఆ రోజు నేనే వదిలేశాను.

మర్నాడు ఒక లాయరుగారి గుమాస్తా మూత ఎత్తి, ఆ పేజీ తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిదో కాయితం ఉందక్కా" అని నాకిచ్చాడు. పైన పెద్దక్షరాలతో రోగం పేరు ఉంది. "కస్టమర్లకి బుద్ధుండదు" అన్నాను. "నిజమేలే" అన్నాడు. చదివాడో లేదో ఆ మొహంలో ఏమీ తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, అతను అడిగిన పదహారు కాపీలకి పద్దెనిమిది తీశాను. ఇప్పటికీ అతను షాపుకి వస్తే ముందు మొహమే చూస్తాను.

చివరికి అమ్మకి మందులిచ్చే సెంటరుకే వెళ్లాను. అక్కడ రోగులకి సలహాలు చెప్పే కౌన్సిలరుగా ఉన్నాయన అమ్మని ఏళ్లుగా ఎరుగును. ఆయన దగ్గరైనా పేరు పెట్టి అడగొచ్చు. ఆ సంతోషంలో అన్నీ ఒక్కసారే అడిగేశాను.

"పని వీసాకీ, అక్కడే ఉండిపోయే వీసాకీ పరీక్ష అడుగుతారమ్మా. యాత్రకి అడిగినట్టు నేనైతే వినలేదు" అన్నాడు.

"అయితే పోవచ్చా సార్?"

"దేశానికో రూలమ్మా. ఒకచోట అసలు పట్టించుకోరు, ఒకచోట గుమ్మం తొక్కనీయరు. రేపు మారిస్తే మనకి చెప్పి మార్చరు కదా. పో అని నేను రాసివ్వలేను. వద్దు అనడానికి కూడా నాకు కారణం కనపడటం లేదు."

"ఆమె రక్తంలో వైరస్ కనపడటం లేదన్నారు. మరి పరీక్ష చేస్తే లేదనే వస్తుందిగా?"

"రాదమ్మా. ఆ పరీక్షలో ఉందనే వస్తుంది. కానీ ఆమె నుంచి ఇంకొకరికి పోయే భయం లేదు."

కనపడనిది పరీక్షలో ఉందని ఎలా వస్తుంది? ఉందని వచ్చినది ఇంకొకరికి ఎలా పోదు? ఆయన ఓపిగ్గా రెండుసార్లు చెప్పాడు. చెబుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది. గేటు దాటేసరికి మళ్లీ మొదటికి వచ్చింది. మొత్తానికి ఆ రోగం మా అమ్మకి ఉన్నట్టా, లేనట్టా? ఏ కాగితంలో అయినా ఆ గడి దగ్గర ఏమని రాయాలి? నా దగ్గరికి వచ్చే రైతులు ఫారం చేతిలో పట్టుకుని ఎందుకలా బిక్కమొహం వేస్తారో నాకప్పుడు తెలిసింది.

ఆయన చేసిన మేలు మాత్రం ఉంది. మూడు నెలలకి సరిపడా కొత్త డబ్బాలు ఇప్పించాడు. డాక్టరుగారి చేత ఉత్తరం రాయించాడు. రోగం పేరు లేకుండా, ఈమె ఎప్పటినుంచో వాడుతున్న మందులు, ఒక్కరోజు కూడా ఆపకూడదు అని మాత్రమే ఉంది అందులో. "డబ్బాల మీద లేబుళ్లు మాత్రం ఉండాలమ్మా. అది మర్చిపోకండి" అని రెండుసార్లు చెప్పాడు. ఇంటికొచ్చి ఆ డబ్బాలూ ఉత్తరమూ అమ్మ చేతికిచ్చాను. వీసా కూడా ఏ రక్తమూ అడక్కుండానే వచ్చింది. అది రాగానే భయం తగ్గాలి కదా, నాకు పెరిగింది. ఇక ఆపితే అక్కడే ఆపుతారు.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం బ్యాగు సర్దుదామని ఇంటికి వెళ్లాను. వంటింట్లో బేసిన్ నిండా వేడినీళ్లు. అందులో మూడు డబ్బాలు తేలుతున్నాయి, తళతళా మెరుస్తూ, ఒంటి మీద నూలుపోగు లేకుండా. మాత్రలన్నీ పాత హార్లిక్స్ సీసాలో పోసి ఉన్నాయి.

"ఏందమ్మా ఇది!" అని అరిచాను.

"అరవబాకే, పక్కింటోళ్లు వింటారు. ఎప్పుడూ చేసేదేగా."

అవును, ఎప్పుడూ చేసేదే. ఇరవై ఏళ్లుగా మందులు తెచ్చిన రోజే డబ్బాలు వేడినీళ్లలో వేసి, లేబులు గీకి, ఖాళీ అయ్యాక వాటిలో సూదులూ బొత్తాలూ పోసుకుంటుంది. చేతికి అలవాటైపోయింది. లేబులు ఉండాలన్న మాట ఆమెకి చెప్పానో, చెప్పాననుకున్నానో నాకే తెలియలేదు. చెత్తబుట్టలో వెతికితే మూడు లేబుళ్లూ ముడుచుకుని దొరికాయి. షాపుకి పరిగెత్తి, వాటిని న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ చేసి, గమ్ముతో అతికించాను. రెండు బాగానే కుదిరాయి. మూడోది వంకర పోయింది, మందు పేరు సగం మడతలోకి వెళ్లింది. ఎవరైనా చూస్తే ఈ డబ్బానే దొంగది అనుకుంటారు. ఊరందరి దొంగ సర్టిఫికెట్లనూ ఇట్టే పసిగట్టే నేను నిజమైన డబ్బాని దొంగ డబ్బాలా తయారుచేశాను.

ఆ సాయంత్రమే మాఫీ అడిగే పని. ఇలాంటి యాత్రకి పోయే ముందు ఇంటింటికీ తిరిగి, నావల్ల ఏదైనా తప్పు జరిగుంటే మాఫ్ చేయమని అడగాలి. అవతలివాళ్లు మాఫ్ చేశామని అనాలి. మనుషులతో లెక్క తేలకుండా అక్కడికి పోయి దేవుణ్ణి ఏం అడుగుతాం అంటారు మా పెద్దవాళ్లు. దీని గురించి నేను ఆలోచించనే లేదు. తీరా అమ్మ ముసుగు సర్దుకుని గడప దాటుతుంటే అప్పుడు తట్టింది. ఆమె అసలే అల్లాకి భయపడే మనిషి. ఇరవై ఏళ్లు దాచిన మాట తప్పే అనుకుంటే, ఆ తప్పు ఇంటింటా చెప్పుకుంటే? చెప్పొద్దని నేనెలా అనేది? మాఫీకి పోయే మనిషికి అబద్ధమాడమని చెప్పడం ఎంత పాపం? అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ ఆమె వెంట నడిచాను.

నాలుగిళ్లు మామూలుగానే గడిచాయి. ఐదోది పక్కింటి పిన్నిది. ఆమె కూడా ఉమ్రాకి వస్తోంది. మక్కాలో అమ్మతో పాటు ఒకే గదిలో ఉండబోయేది ఆమే. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ దగ్గర ఒకటి దాచానే. ఇన్నేళ్లూ చెప్పలా. చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు."

"అమ్మా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇద్దరూ నావైపు చూసి, మళ్లీ వాళ్ల మాటల్లో వాళ్లు పడ్డారు.

"మీ పెద్దోడి పెళ్లికి పరుపు కుట్టించావే, గుర్తుందా? అంతా కొత్త దూదేనని చెప్పా. కాళ్ల వైపు పాత దూది కలిపా. నన్ను మాఫ్ చెయ్యి."

పిన్ని పకపకా నవ్వింది. "అందుకా వాడు కాళ్లు గుచ్చుకుంటన్నాయని మొత్తుకునేది! పోనీలే, మాఫ్ చేశా. పరుపు ఇంకా అట్నే ఉంది, నీ మాత్రం పనోళ్లు ఇప్పుడేరి?" అంది.

బయటికొచ్చాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను వీధి మొత్తానికీ తెలియకుండా దాచిపెట్టుకుని తిరిగింది రోగం. ఆమెని నిద్ర పోనివ్వనిది దూది. ఆ రోగాన్ని ఆమె ఎవరికీ చేసిన తప్పుగా ఎన్నడూ అనుకోలేదేమో. అలా అనుకుంది నేనేనా?

"గదిలో అందరి ముందూ మాత్ర ఎట్టా మింగుతావు?" అని అడిగాను.

"ఏడుగురం ముసలాళ్లం, ఏడుగురికీ మాత్రలున్నాయి. ఎవరివి వాళ్లు మింగుతారు. పక్కనోళ్ల మాత్రలు చూసే తీరిక ఎవరికుంది?" అంది. నెల రోజులుగా నాకు తట్టని జవాబు.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. ఆరుగురూ ఎక్కి కూర్చున్నారు. అమ్మ మళ్లీ లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా ముందు నిలబడింది.

"అందరినీ అడిగా. నిన్ను అడగలా."

"నన్నేంది అడిగేది, పో, వాళ్లు ఎదురుచూస్తన్నారు."

"నీ కూతురు చిన్నప్పుడు, నా కంచంలోంచి దానికి ముద్ద పెట్టబాకన్నావు. నేను పెట్టానే. నువ్వు షాపుకి పోయినాక రోజూ పెట్టేదాన్ని. పిల్ల నోరు తెరిచేది, నేను పెట్టకుండా ఉండలేకపోయా. చానా రోజులు నిన్ను మోసం చేశా. మాఫ్ చెయ్యి."

ఆ రూలు నాదే. మా ఆయన పెట్టింది కాదు, ఆయన ఒక్కనాడు కూడా ఏమీ అనలేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు అందరికీ చేసే ఆ పరీక్ష నాకూ చేశారు. ఏమీ లేదని వచ్చింది. కలిసి తింటే రాదని, ముట్టుకుంటే రాదని నాకు తెలుసు. ఆ మాటలున్న కరపత్రాలు నా షాపులోనే వందలకొద్దీ జిరాక్స్ తీశాను. అంతా తెలిసీ, పిల్ల పుట్టాక అమ్మకి కంచం వేరు పెట్టాను. పళ్లొచ్చాయి, చిగుళ్లు, రక్తం అని ఏదేదో చెప్పాను. అప్పుడు ఆమె సరేనంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను మర్చిపోయాను. నా కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ అన్నేళ్లూ దాన్ని తన తప్పుగా మోస్తూ ఉంది.

మాఫ్ చేశాననాలా? అంటే ఆమె చేసింది తప్పేనని నేను ఒప్పుకున్నట్టు. అది తప్పు కాదమ్మా, నేను పెట్టిన రూలే తప్పు అంటే ఆ కథంతా ఇప్పుడు మొదలుపెట్టాలి. బయట వ్యాను హారన్ కొడుతోంది.

"ఏమీ లేదులే అమ్మా, దానికేముంది" అన్నాను.

"అట్టా కుదరదు. నోటితో అనాల. మనసులో అనుకుంటే చెల్లదు."

"మాఫ్ చేశా" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. నా తల నిమిరి, వెళ్లి వ్యాను ఎక్కింది. అది మలుపు తిరిగాక నాకు ఏడుపొచ్చింది. అడగాల్సింది నేను, అడిగింది ఆమె. వెంటనే ఫోన్ చేశాను. 

"ఏమే, ఏమన్నా మర్చిపోయానా?" అంది. పక్కన అందరి మాటలూ వినపడుతున్నాయి.

"లేదమ్మా, నేనే... వచ్చాక చెప్తాలే."

"వచ్చాక చెప్పేదానికి ఇప్పుడు ఫోనెందుకే?" అని పెట్టేసింది.

అక్కడ ఎవరూ ఆమెని ఆపలేదు, ఏమీ అడగలేదు, ఆ వంకర డబ్బాని తీసి చూసినవాళ్లు కూడా లేరు. అది రూలు ప్రకారమో, చూడక వదిలేశారో నాకు తెలియదు. ఇంకెవరైనా వచ్చి ఇదే అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియదు.

ఆమె తిరిగొచ్చి నాలుగు నెలలైంది. నేను చెబుతానన్నది చెప్పలేదు. పొద్దున్నే అనుకుంటాను, సాయంత్రానికి మాట మారిపోతుంది. మొన్న ఆదివారం అమ్మ గోంగూర అన్నం కలుపుకుంటుంటే వెళ్లి ఆమె పక్కన కూర్చుని నోరు తెరిచాను.

"బిడ్డలున్న దానివి, ఏందే ఈ వేషాలు!" అంటూనే తన కంచంలోంచి పెద్ద ముద్ద తీసి పెట్టింది. నోటితో అనాలని, మనసులో అనుకుంటే చెల్లదని ఆమే చెప్పింది. నా నోటి నిండా అన్నం ఉంది.